జంపింగ్ గుర్రానికీ రౌతుకూ మందుల నియమాలు: లాయం నుంచి పరీక్ష గది వరకు

గుర్రం వరుసగా అడ్డంకులను దూకే షో జంపింగ్‌లో అడ్డుకర్ర పడితే నాలుగు తప్పు పాయింట్లతో సరిపోతుంది. గుర్రం మూత్రంలో నిషిద్ధ పదార్థం ఆనవాలు బయటపడితే మాత్రం ఆ పోటీలో సాధించినదంతా పోవడమే కాక, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఆటకు దూరం కావలసి వస్తుంది. అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలలో గుర్రాన్ని పెంచుతూ పిల్లలను బెంగళూరు పోటీలకు సిద్ధం చేసే కుటుంబాలను, వారి దగ్గర గుర్రాలను చూసుకునే పనివారైన సైసులను, వారి గుర్రాలకు మందు రాసే పశువైద్యులను దృష్టిలో పెట్టుకొని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. దొంగచాటుగా మందు పెట్టి గెలవాలనుకునేవారికి ఇందులో పనికివచ్చేది ఏమీ లేదు. నిజాయితీగా ఆడుతూ కూడా పట్టుబడిన ఉదంతాలు ఈ ఆటలో తక్కువేమీ కావు. వాటి మూలం సాధారణంగా దాణా తొట్టిలోనో, సైసు చేతి వేళ్లకో, వీధి చివరి మందుల షాపులోనో ఉంటుంది. అందుచేత ఈ వివరణ కూడా పరీక్ష గది దగ్గరకంటే లాయం దగ్గరే ఎక్కువసేపు ఆగుతుంది.

మొదటి అడుగు: రెండు చట్టాలను వేరుచేసి చూడండి

తక్కిన ఆటలలో ఆటగాడు ఒక్కడే పరీక్షకు లోబడతాడు. ఇక్కడ ఆటగాళ్లు ఇద్దరు, అందులో ఒకరు మాట్లాడలేనివారు. అందువల్ల లాసాన్ నగరం కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య (ఎఫ్‌ఈఐ) రెండు వేర్వేరు నియమావళులను అమలు చేస్తుంది. రౌతుకు వర్తించేది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 'వాడా' రూపొందించిన నియమావళి మీద ఆధారపడినది. మన దేశంలో దానిని 2005లో ఏర్పడిన జాతీయ సంస్థ 'నాడా' అమలు చేస్తుంది, 2022 నాటి జాతీయ డోపింగ్ నిరోధక చట్టం దానికి చట్టబద్ధమైన బలాన్ని ఇచ్చింది. గుర్రానికి వర్తించేది ఎఫ్‌ఈఐ ప్రత్యేకంగా తయారుచేసిన అశ్వ నియమావళి. భారత ఈక్వెస్ట్రియన్ సమాఖ్య జరిపే పోటీలకు వెళ్ళేవారు ఆయా పోటీ ప్రకటన పత్రంలో ఏ నియమావళి వర్తిస్తుందో రాసి ఉన్న పేరాను నమోదుకు ముందే చదివి, ఒక ప్రతిని లాయంలో ఉంచుకోవాలి.

ఈ రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి కలవవు. రౌతు పోటీ ఉదయం రెండు కప్పుల ఫిల్టర్ కాఫీ తాగవచ్చు, వాడా జాబితాలో కెఫీన్ నిషిద్ధం కాదు. అదే కెఫీన్ గుర్రం రక్తంలో కనబడితే కేసు అవుతుంది. నడుము పట్టేసిన రౌతు డైక్లోఫెనాక్ మాత్రో, ఐబుప్రోఫెన్ మాత్రో వేసుకొని జీను ఎక్కవచ్చు. ఆ తరగతికి చెందిన నొప్పి మందు ఏదీ పోటీ సమయంలో గుర్రం ఒంట్లో ఉండకూడదు. "నాకు పనికివచ్చింది దీనికెందుకు పనికిరాదు" అనే ఆలోచన ఎంత సహజమో అంత ప్రమాదకరం.

గుర్రాల జాబితాలో మరొక విభజన ఉంది. ఆరోగ్యవంతమైన పోటీ గుర్రానికి ఏ వైద్య కారణంతోనూ ఇవ్వవలసిన అవసరం లేని పదార్థాలు, అంటే కండలు పెంచే స్టెరాయిడ్లు, మనుషుల మానసిక వ్యాధుల మందులు, దీర్ఘకాలం పనిచేసే మత్తు మందులు వంటివి 'నిషేధిత పదార్థాలు'. చికిత్సకు నిజంగా వాడే మందులు, అంటే నొప్పి, వాపు తగ్గించే ఫినైల్‌బ్యూటజోన్, ఫ్లూనిక్సిన్, డెక్సామెథాసోన్ వంటివి 'నియంత్రిత మందులు'. వీటిని ఇంటి దగ్గర చికిత్సగా వాడవచ్చు, పోటీనాటికి మాత్రం శరీరం నుంచి వెళ్లిపోయి ఉండాలి. పోటీనాడు గుర్రం ఒంట్లో ఉండకూడనిది ఈ రెండింటిలో ఏ రకమైనా దానిని ఇక్కడ 'నిషిద్ధం' అంటున్నాను. మొదటి రకం దొరికితే సాధారణంగా రౌతుకు రెండేళ్ల నిషేధం, రెండో రకానికి ఆరు నెలలు. రెండు జాబితాలూ ఏటా జనవరి 1 నుంచి కొత్త రూపంలో అమలులోకి వస్తాయి కాబట్టి నిరుడు ముద్రించి గోడకు అంటించిన కాగితాన్ని ఈ ఏడు నమ్ముకోకూడదు. ఎఫ్‌ఈఐ వెబ్‌సైటులోనూ, దాని క్లీన్‌స్పోర్ట్ యాప్‌లోనూ మందు పేరు వెతికితే అది ఏ వర్గంలో ఉందో వెంటనే కనబడుతుంది. వెతికేటప్పుడు డబ్బా మీది కంపెనీ పేరు కాక, దాని కింద చిన్న అక్షరాలలో ఉండే అసలు మందు పేరు రాయాలి.

రెండవ అడుగు: బాధ్యుడెవరో ఇంట్లో అందరికీ తెలియాలి

గుర్రం ఒంట్లో ఏమి దొరికినా మొదట జవాబు చెప్పవలసింది పోటీలో ఆ గుర్రాన్ని ఎక్కిన రౌతే. నియమావళి అతడిని 'బాధ్యుడు' అని పేర్కొంటుంది. గుర్రం తనది కాకపోయినా, మందు తాను ఇవ్వకపోయినా, ఇచ్చిన సంగతి తనకు తెలియకపోయినా ఈ స్థానం మారదు. యజమాని, సైసు, పశువైద్యుడు కూడా సందర్భాన్ని బట్టి అదనపు బాధ్యులుగా కేసులోకి రావచ్చు గాని, వాళ్లు వచ్చినంత మాత్రాన రౌతు బయటపడడు.

ఉద్దేశం లేకపోవడం శిక్షను తగ్గించగలదు, ఫలితాన్ని కాపాడలేదు. దీనికి 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కంటే గట్టి ఉదాహరణ లేదు. ఐర్లాండ్ రౌతు కియన్ ఓ'కానర్ గుర్రం వాటర్‌ఫర్డ్ క్రిస్టల్ ఒంట్లో మనుషుల మానసిక చికిత్సకు వాడే మందులు దొరికాయి. అతడు గెలుపు కోసం ఉద్దేశపూర్వకంగా చేయలేదని విచారణ జరిపినవారే ఒప్పుకున్నప్పటికీ వ్యక్తిగత స్వర్ణం బ్రెజిల్ రౌతు రోడ్రిగో పెసోవాకు వెళ్ళింది. అవే క్రీడలలో జర్మనీకి చెందిన లుడ్గర్ బీర్‌బాం గుర్రం గోల్డ్‌ఫీవర్ చర్మానికి రాసిన లేపనం నుంచి బెటామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు ఒంట్లోకి చేరింది. ఒక గుర్రానికి రాసిన లేపనం వల్ల జర్మనీ జట్టు స్వర్ణం నుంచి కాంస్యానికి దిగిపోయింది. టోక్యో ఒలింపిక్స్ నుంచి జట్టులో ముగ్గురే ఉంటున్నారు, ఒకరి స్కోరును వదిలేసే వీలు లేదు కాబట్టి ఒక్కరి తప్పు జట్టు మీద పడే బరువు ఇంకా పెరిగింది.

మూడవ అడుగు: లాయాన్ని శుభ్రం చేసుకోండి

ఇది అన్నిటికంటే పొడుగాటి అడుగు, అన్నిటికంటే తక్కువ పట్టించుకునేది కూడా. ఇప్పటి ప్రయోగశాలలు అతి సూక్ష్మమైన ఆనవాళ్లను సైతం పట్టుకోగలవు. కాబట్టి గుర్రానికి మందు ఇవ్వకపోవడం ఒక్కటే చాలదు, మందు దాని నోటికి చేరే దారులన్నీ మూయాలి.

దాణాతో మొదలుపెడదాం. మన ప్రాంతంలో గుర్రానికి ఉలవలు, జొన్న చొప్ప, వేరుశనగ కట్టె, తవుడు పెట్టడం వాడుక. వీటిలో ఏదీ తప్పు కాదు; ప్రమాదం వాటితోపాటు వచ్చే వాటిలో ఉంది. చేను గట్ల మీద, దిబ్బల పక్కన విరివిగా మొలిచే ఉమ్మెత్త కోతలో కలిసి చొప్ప కట్టల్లోకి వస్తే, దానిలోని అట్రోపిన్, స్కోపొలమైన్ గుర్రం ఒంట్లో చేరతాయి. ఇవి గుర్రాన్ని జబ్బు పడేయగలవు, పరీక్షలో కూడా బయటపడతాయి. కాబట్టి పోటీ గుర్రానికి వేసే మేతను ఎండబెట్టకముందే ఒకసారి ఏరించాలి, తెలియని చేను నుంచి వచ్చిన మేతను పోటీకి ముందు రోజుల్లో వేయకపోవడం మేలు.

గసగసాల సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. మన ఇళ్లలో కోడికూర మసాలాకు నూరే గసగసాలలో మార్ఫిన్, కోడీన్ ఆనవాళ్లు ఉంటాయి. 2012 లండన్ ఒలింపిక్స్ వ్యక్తిగత స్వర్ణ విజేత, స్విట్జర్లాండ్ రౌతు స్టీవ్ గెర్డా గుర్రం నాసా 2015లో ఇవే పదార్థాలతో పట్టుబడింది; దాణాలో గసగసాల కల్తీయే కారణమని తేలి అతడి తాత్కాలిక నిషేధాన్ని ఎత్తివేశారు గాని, ఆ పోటీలో ఆ గుర్రంతో వచ్చిన ఫలితం మాత్రం మిగలలేదు. అంతటివాడికే అలా జరిగినప్పుడు, విందు మిగులును ప్రేమగా తొట్టిలో వేసే అలవాటును మన లాయాలలో ఉంచుకోవడానికి వీల్లేదు. అదే లెక్కన మిగిలిన టీ, చాక్లెట్, కోకో పొట్టు కలిసిన దాణా కూడా దూరంగా ఉండాలి, ఎందుకంటే కోకోలో థియోబ్రొమైన్ అనే ఉత్తేజక పదార్థం ఉంటుంది.

ఇక కారం. రాయలసీమలో ఈ మాట చెప్పడం కొంచెం కష్టమే, అయినా చెప్పక తప్పదు. మిరపకాయ మంటకు కారణమైన కాప్సైసిన్ జంపింగ్ గుర్రాల విషయంలో నిషిద్ధ పదార్థం. దానిని కాళ్లకు రాస్తే చర్మం మండుతుంది, కర్ర తగిలినప్పుడు నొప్పి ఎక్కువై గుర్రం కాళ్లను ఇంకా పైకి ఎత్తుతుంది. మరొకవైపు నొప్పిని తెలిపే నరాలను మొద్దుబార్చే గుణం కూడా దానికే ఉంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ జంపింగ్‌లో అనేక గుర్రాల ఒంట్లో ఇదే దొరికింది. నార్వే రౌతు టోనీ ఆండ్రే హాన్సెన్ గుర్రం కామిరో వల్ల ఆ దేశ జట్టు కాంస్యాన్ని పోగొట్టుకుంది, అది స్విట్జర్లాండ్‌కు వెళ్ళింది. మన సైసు ఎవరూ గుర్రం కాళ్లకు కారం పూయడు. అయితే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని చేయి సరిగ్గా కడుక్కోకుండా కళ్ళెం ఇనుమును నోట్లో పెట్టడం, సంకటిలోకి నూరిన ఎర్రకారం అంటిన తువ్వాలుతో ముట్టె తుడవడం మన దగ్గర జరగగల పనులే. లాయం గుమ్మం దగ్గర సబ్బు, నీళ్ల కుళాయి ఉండాలి, భోజనం లాయం బయట జరగాలి. కీళ్ల నొప్పులకు, తలనొప్పికి మనుషులు రాసుకునే బామ్‌లలో, మర్దన నూనెలలో కర్పూరం, సాలిసిలేట్లు, కొన్నిట్లో నేరుగా కాప్సైసిన్ ఉంటాయి. వాటిని రాసుకున్న చేతితో గుర్రాన్ని ముట్టుకోకూడదు, గుర్రానికి అసలే రాయకూడదు.

చాలామంది వినడానికి మొహమాటపడే మరొక సంగతి ఉంది. గుర్రం గదిలో ఎవరూ మూత్రం పోయకూడదు. మనిషి వేసుకున్న మందు మూత్రం ద్వారా గడ్డిలో చేరి, ఆ గడ్డిని మేసిన గుర్రం ఒంట్లో ప్రత్యక్షమైన ఉదంతాలు ఉన్నాయి, ఎఫ్‌ఈఐ దీని మీద పదేపదే హెచ్చరిస్తుంది. గుర్రం తన మూత్రం నుంచే మందును తిరిగి తెచ్చుకోవడం కూడా జరుగుతుంది: ఫ్లూనిక్సిన్ ఇచ్చిన గుర్రం గదిలో పరుపు గడ్డిని మార్చకపోతే, తడిసిన గడ్డిని కొరికి, మందు పోవలసిన రోజులు దాటాక కూడా ఆనవాలు చూపించగలదు. కాబట్టి చికిత్స పూర్తయ్యాక గదిని పూర్తిగా ఊడ్చి, కడిగి, కొత్త గడ్డి వేయడం చికిత్సలో భాగమని భావించాలి. చికిత్స పొందుతున్న గుర్రానికి బకెట్టు, తొట్టి విడిగా ఉండాలి.

మన జిల్లాలలో గుర్రం ఒంటరిగా ఉండదు. అదే ఆవరణలో గొర్రెలు, ఆవులు ఉంటాయి. గొర్రెలకు పట్టే నట్టల మందులలో లెవమిసోల్ ఒకటి. గుర్రం ఒంట్లో అది అమినోరెక్స్ అనే ఉత్తేజక పదార్థంగా మారుతుంది కనుక ఆ మందు పట్టిన గొట్టం, గిన్నె గుర్రం వైపు రాకూడదు, గుర్రానికి నట్టల మందు గుర్రాలకు తగినదే వాడాలి. కడుపు ఉబ్బరానికి వంటసోడా పట్టడమనే పాత నాటు పద్ధతిని కూడా పోటీ గుర్రం విషయంలో మానుకోవాలి. సోడా రక్తంలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పరిమాణాన్ని పెంచుతుంది, దానికి ఒక లీటరు ప్లాస్మాలో 36 మిల్లీమోళ్లనే పరిమితి ఉంది. ఆయుర్వేదం, మూలికలు, 'సహజం' అని రాసిన పొడులు సురక్షితమనే నమ్మకం ఎంత బలంగా ఉన్నా, డబ్బా మీద పదార్థాల పట్టిక పూర్తిగా లేని దేనినీ పోటీ గుర్రానికి పెట్టవద్దని నా గట్టి సలహా.

ఈ నియమాలను తెలుగులోనూ, సైసుకు వేరే భాష అలవాటుంటే ఉర్దూలోనో హిందీలోనో పెద్ద అక్షరాలతో రాసి గోడకు పెట్టండి. చదువు రానివారికి చదివి వినిపించండి.

నాల్గవ అడుగు: పశువైద్యునితో మాట్లాడే పద్ధతి

పశువైద్యుడు వచ్చిన వెంటనే, సూది తీయకముందే, "ఇది పోటీ గుర్రం, ఫలానా తేదీన పోటీ ఉంది" అని చెప్పడం యజమాని పని. ఆవులు, గొర్రెలతో రోజంతా గడిపే మన వైద్యులలో చాలామందికి అశ్వక్రీడా నియమాలతో పని పడదు, అది వారి తప్పు కాదు. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉండడం మనకు కలిసివచ్చే విషయమే. సందేహాస్పదమైన మందు విషయంలో అక్కడి వారినో, పోటీ గుర్రాలతో అనుభవమున్న బెంగళూరు వైద్యులనో ఫోనులో సంప్రదించమని మీ వైద్యుణ్ణి కోరడంలో మొహమాటం అవసరం లేదు.

రాబందులను కాపాడడానికి మన దేశంలో పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో ఆపారు, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో ఆపారు. అందువల్ల గ్రామాలలో నొప్పికి, జ్వరానికి మెలాక్సికామ్ ఎక్కువగా చేతికి వస్తుంది. అది రాబందులకు హాని చేయదు గాని, గుర్రాల జాబితాలో నియంత్రిత మందే. దెబ్బలకు, పుండ్లకు ఇచ్చే ప్రొకేన్ పెన్సిలిన్ విషయంలో మరొక చిక్కు ఉంది: యాంటీబయాటిక్‌లు సాధారణంగా నిషిద్ధం కావు, కానీ ఆ సూదిలో నొప్పి తెలియకుండా కలిపే ప్రొకేన్ నిషిద్ధం, అది చాలా రోజులు ఒంట్లో నిలుస్తుంది. పోటీ గుర్రానికి ప్రొకేన్ లేని యాంటీబయాటిక్ రాయమని అడగండి.

ఎన్ని రోజుల ముందు మందు ఆపాలి అనే ప్రశ్నకు జవాబు ఇచ్చేటప్పుడు వైద్యులు కూడా పొరపడే చోటు ఒకటుంది. ఎఫ్‌ఈఐ కొన్ని మందులకు 'గుర్తింపు కాలం' ప్రకటిస్తుంది. ఫినైల్‌బ్యూటజోన్‌కు అది 7 రోజులు, ఫ్లూనిక్సిన్‌కు 6 రోజులు. ఇవి కొద్ది సంఖ్యలో ఆరోగ్యవంతమైన గుర్రాలకు నిర్ణీత మోతాదు ఇచ్చి చూసిన కాలాలు. మీ గుర్రం బరువు, వయసు, దాని మూత్రపిండాల పనితీరు, మందు ఇచ్చిన దారి, ఎన్నిసార్లు ఇచ్చారన్నది, వేసవిలో ఎంత నీళ్లు తాగిందన్నది వేరుగా ఉంటాయి. కనుక ఆ కాలానికి పైన కొన్ని రోజులు చేర్చి వైద్యుడు నిర్ణయించేదే 'విరామ కాలం'. ఏడో రోజుతో గుర్తింపు కాలం ముగిసిందని ఎనిమిదో రోజు పోటీకి దిగడం నియమం ప్రకారం తప్పు కాదు, తెలివైన పని మాత్రం కాదు. కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ సూదుల విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి.

గుర్రానికి శూల వచ్చిందనుకోండి, కాలు విరిగిందనుకోండి. అప్పుడు పోటీ తేదీ చూడకూడదు. అవసరమైన మందు ఇప్పించి, పోటీ నుంచి తప్పుకోవాలి. పోటీ స్థలంలోనే అత్యవసర చికిత్స జరిగితే, అక్కడి అధికార పశువైద్యుల అనుమతితో, నిర్ణీత పశువైద్య ఫారాలు నింపించి చేయించాలి. చికిత్స తర్వాత ఆ గుర్రం కొనసాగవచ్చా లేదా అన్నది వారే చెబుతారు. నిషిద్ధం కాని ద్రవాలను సూది ద్వారా ఎక్కించడానికి కూడా ముందస్తు ఫారం కావాలి. ఆడగుర్రాల ఎద లక్షణాలను అదుపులో ఉంచే ఆల్ట్రెనోజెస్ట్‌కు, సరైన ఫారం ఉంటే, అనుమతి ఉంది. కడుపు పుండ్లకు ఇచ్చే ఒమెప్రజోల్ కూడా వాడవచ్చు.

ఐదవ అడుగు: మందుల పుస్తకం

ఎఫ్‌ఈఐ నియమాల ప్రకారం ప్రతి గుర్రానికి మందుల పుస్తకం ఉండాలి. తేదీ, వేళ, మందు అసలు పేరు, మోతాదు, ఇచ్చిన దారి, కారణం, ఇచ్చిన వ్యక్తి సంతకం అందులో ఉండాలి. ఇది పాలేరు లెక్కల పుస్తకం కంటే కష్టమైన పనేమీ కాదు, కానీ మరునాడు రాద్దాంలే అనుకున్న చోటే ఖాళీ మిగులుతుంది. దానితోపాటు దాణా సంచి మీది బ్యాచ్ నంబరు ఫోటో, కొన్న బిల్లు, ప్రతి కొత్త సంచి నుంచి గుప్పెడు దాణా తీసి తేదీ రాసిన మూత గట్టి డబ్బాలో దాచడం అలవాటు చేసుకోండి. ఏదో ఒకరోజు కల్తీ అని నిరూపించవలసి వస్తే, మాటలకంటే ఆ గుప్పెడు దాణాకే విలువ ఎక్కువ.

ఆరవ అడుగు: రౌతు తన మందుల సంగతి చూసుకోవాలి

గుర్రం మీద ఉన్న శ్రద్ధలో రౌతు తన సంగతి మరిచిపోతాడు. దగ్గుకు మందుల షాపులో అడగగానే ఇచ్చే టానిక్‌లలో చాలావాటిలో టెర్బ్యుటలిన్ ఉంటుంది. వాడా జాబితాలో అది ఎల్లవేళలా నిషిద్ధం. ఉబ్బసం ఉన్నవారు సాల్బ్యుటమాల్‌ను ఇన్‌హేలర్ ద్వారా 24 గంటలలో 1600 మైక్రోగ్రాముల వరకు, అందులోనూ ఏ 8 గంటల వ్యవధిలోనూ 600 దాటకుండా వాడవచ్చు. అదే మందును మాత్రగానో, టానిక్‌గానో తీసుకోకూడదు. పడిపోయి భుజం ఎముక విరిగితే ఆసుపత్రిలో ఇచ్చే ట్రమడాల్ 2024 జనవరి 1 నుంచి పోటీ సమయంలో నిషిద్ధం. నోటి ద్వారా, సూది ద్వారా తీసుకునే స్టెరాయిడ్ మందులు కూడా పోటీ సమయంలో నిషిద్ధమే. పోటీ సమయం అంటే బరిలోకి దిగిన క్షణం కాదు, సాధారణ నియమం ప్రకారం ముందు రోజు రాత్రి 11 గంటల 59 నిమిషాల నుంచి మొదలవుతుంది. రక్తపోటు మాత్రలలో కలిసివచ్చే హైడ్రోక్లోరోథయజైడ్, మధుమేహులు వాడే ఇన్సులిన్ ఎల్లవేళలా నిషిద్ధం. వీటిని నిజంగా వాడవలసినవారు వైద్య పత్రాలతో నాడాకు చికిత్సా మినహాయింపు కోసం దరఖాస్తు చేసుకోవాలి, సాధారణంగా పోటీకి 30 రోజుల ముందే. మాత్ర పేరు సరిచూసుకోవడానికి నాడా యాప్ ఉంది. జిమ్ పొడుల గురించి ఒక్క మాట చాలు: వద్దు.

తిండిపానీయాలు కూడా ముంచగలవు. 2019లో పెరూ రాజధాని లిమాలో జరిగిన పాన్ అమెరికన్ క్రీడలలో కెనడా జంపింగ్ జట్టులోని ఒక రౌతు హోటల్లో తాగిన కోకా ఆకుల టీ వల్ల కొకైన్ ఆనవాలు వచ్చిందని వాదించింది. ఆమె ఫలితం రద్దై, ఆ దేశ జట్టు టోక్యో ఒలింపిక్స్ అర్హతను పోగొట్టుకుంది. శివరాత్రికో హోళీకో ఇచ్చే భంగు గురించి వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

పదహారేళ్లలోపు పిల్లలను నియమావళి 'రక్షిత వ్యక్తులు'గా చూసి శిక్ష విషయంలో కొంత వెసులుబాటు ఇస్తుంది. ఆ వెసులుబాటును నమ్ముకొని తల్లిదండ్రులు ఏమరుపాటుగా ఉండకూడదు.

ఏడవ అడుగు: ప్రయాణం, పోటీ స్థలం

లారీ ఎక్కడానికి మొరాయించే గుర్రానికి మత్తు సూది వేయించడం మన వైపు కొందరు ఎంచుకునే దగ్గరి దారి. ఎసెప్రొమజైన్ వంటి మత్తు మందులు నియంత్రిత జాబితాలో ఉన్నాయి; రెసెర్పిన్, ఫ్లూఫెనజిన్ వంటి దీర్ఘకాల మత్తు మందులైతే నేరుగా నిషేధిత జాబితాలోవే. పోటీకి ముందు వారాల్లో రోజూ కొంతసేపు లారీ ఎక్కించి దించడం తప్ప దీనికి వేరే మార్గం లేదు. అద్దె లారీలో అంతకుముందు ఏ పశువులు ప్రయాణించాయో అడిగి, నేలను కడిగించాలి. సూదులు, సిరంజిలు, మందు సీసాలు సైసు సంచిలో ఉండకూడదు. పోటీ లాయాలలో వాటిని అనుమతి పొందిన పశువైద్యులే తమ దగ్గర ఉంచుకోవచ్చు. కేటాయించిన గదిలో మునుపటి గుర్రం వదిలిన గడ్డి, దాణా ఉంటే తీయించి, తొట్టిని కడిగి మీ నీళ్లు, మీ మేత పెట్టండి. రాత్రిపూట గుర్రం దగ్గర నమ్మకస్థుడు ఉండడం అతిజాగ్రత్త కాదు.

ఎనిమిదవ అడుగు: పరీక్షకు పిలిచినప్పుడు

గెలిచిన గుర్రాలనే కాక, చీట్లు తీసి, లేదా అనుమానం ఉంటే, ఏ గుర్రాన్నైనా పరీక్షకు పిలవవచ్చు. పిలుపు వచ్చిన క్షణం నుంచి గుర్రం అధికారి కనుచూపులోనే ఉండాలి. చల్లబరచడానికి నడిపించవచ్చు, నీళ్లు పట్టించవచ్చు, అన్నీ అధికారి సమక్షంలోనే. రౌతు బహుమతి తీసుకోవడానికి వెళ్ళవలసివస్తే తన తరఫున విషయం తెలిసిన ఒకరిని గుర్రం వెంట పంపాలి. పరీక్ష గదిలో శుభ్రమైన గడ్డి మీద గుర్రాన్ని నిలిపి, మూత్రం కోసం వేచి చూస్తారు. మన సైసులు ఈల వేయడం ఇక్కడ పనికివస్తుంది. మూత్రం రాకపోతే రక్తం తీస్తారు, కొన్నిసార్లు రెండూ తీస్తారు. నమూనాను మీ కళ్లెదుట 'ఏ', 'బి' అని రెండు సీసాలలోకి పంచి, ముద్ర వేస్తారు. సీసాల మీది సంఖ్య, కాగితం మీది సంఖ్య ఒకటేనా, ముద్ర చెక్కుచెదరకుండా ఉందా, గుర్రం పేరు, పాస్‌పోర్టు సంఖ్య సరిగ్గా రాశారా అన్నది చూసి సంతకం చేయండి. అభ్యంతరం ఉంటే కాగితం మీదే రాయండి; రాయకుండా వచ్చి తర్వాత చెప్పుకుంటే బరువు ఉండదు. పరీక్షకు ఒప్పుకోకపోవడం, తప్పించుకొని వెళ్ళడం దానికదే నేరం, దాని శిక్ష పదార్థం దొరికినదానికి తక్కువగా ఉండదు.

రౌతుకు జరిగేది కాస్త ఇబ్బందికరమైన పని. అదే లింగానికి చెందిన అధికారి ఎదుట కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం ఇవ్వాలి. మైనర్ అయితే పెద్దవారిని వెంట ఉంచుకునే హక్కు ఉంది. గడిచిన వారం రోజులలో వాడిన మందులు, విటమిన్లు, పొడులు అన్నీ ఫారంలో రాయాలి. కంగారులో నీళ్లు అతిగా తాగితే మూత్రం పలచబడి మళ్లీ ఇవ్వవలసి వస్తుంది. సీసాను మీరే ఎంచుకోవచ్చు, మీరే మూత బిగించవచ్చు.

తొమ్మిదవ అడుగు: ఫలితం ప్రతికూలంగా వస్తే

నోటీసు అందిన రోజే చేయవలసిన పనులు ఉన్నాయి. నోటీసులోని గడువులను క్యాలెండరులో రాసుకోండి, మందుల పుస్తకాన్ని, బిల్లులను, దాచిన దాణా డబ్బాలను ఒక చోట చేర్చి ఎవరూ ముట్టకుండా పెట్టండి, సైసును, వైద్యుణ్ణి విడివిడిగా అడిగి వారు చెప్పింది రాసి సంతకం తీసుకోండి. ఎవరినీ బెదిరించవద్దు; భయపడిన సైసు నిజం చెప్పడు, నిజం తెలియనిదే పదార్థం ఎలా వచ్చిందో నిరూపించలేరు. శిక్ష తగ్గింపు కోరే ప్రతి వాదనకూ మొదటి షరతు అదే: పదార్థం ఏ దారిన ఒంట్లోకి వచ్చిందో చూపించాలి. "ఎలా వచ్చిందో మాకు తెలియదు" అన్న జవాబు నిజమే అయినా ఫలం ఇవ్వదు.

'బి' నమూనా పరీక్షను కోరే హక్కు ఉంది, దాని ఖర్చు, గడువు చూసుకొని నిర్ణయించుకోవాలి. మందు ఇచ్చిన సంగతి పుస్తకంలోనే ఉన్నప్పుడు 'బి' పరీక్షకు పట్టుబట్టడం డబ్బు వృథా. ఇచ్చిన గుర్తే లేనప్పుడు అది అవసరమే. నిషేధిత పదార్థం విషయంలో రౌతుకు తాత్కాలిక నిషేధం వెంటనే పడుతుంది, గుర్రం కూడా రెండు నెలలు పోటీలకు దూరంగా ఉండాలి. నియంత్రిత మందు మొదటిసారి దొరికినప్పుడు, అర్హత ఉంటే, విచారణ లేకుండా ఫలితం వదులుకొని, జరిమానా కట్టి ముగించుకునే పరిపాలనా మార్గం ఉంటుంది. గుర్తింపు కాలం తప్పుగా లెక్కవేసిన నిజాయితీపరులకు నేను దానినే సూచిస్తాను. ఒప్పుకోని పక్షంలో కేసు ఎఫ్‌ఈఐ ట్రైబ్యునల్‌కు, అక్కడి తీర్పు మీద లాసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్ళవచ్చు. రౌతు స్వంత నమూనా మీద నాడా కేసైతే 2022 చట్టం కింద ఏర్పడిన క్రమశిక్షణా ప్యానెల్, ఆ పైన అప్పీలు ప్యానెల్ వింటాయి. అంతర్జాతీయ కేసులలో ఖర్చులు స్విస్ ఫ్రాంకులలో వస్తాయి. న్యాయవాదిని పెట్టుకునే ముందే ఆ లెక్క ఇంట్లో కూర్చొని వేసుకోవడం మంచిది.

నిషేధం నడుస్తున్నంత కాలం రౌతు ఏ స్థాయి అధికారిక పోటీలోనూ పాల్గొనకూడదు. ఊరి పక్క క్లబ్బులో జరిగేదైనా సమాఖ్య అనుబంధం ఉంటే అంతే. నిషేధాన్ని ఉల్లంఘిస్తే మిగిలిన కాలానికి కొత్త కాలం కలుస్తుంది. గుర్రాన్ని ఇంటి దగ్గర రోజూ పరుగెత్తించడానికి, మేపడానికి మాత్రం అడ్డేమీ లేదు. మందుల పుస్తకాన్ని ఆ రోజులలో కూడా రాస్తూ ఉండాలి, ఎందుకంటే పోటీలు లేని సమయంలో కూడా నమూనా అడిగే అధికారం సమాఖ్యకు ఉంది.